క్రింది స్వరమును, పెట్టెలోని తీగలును

పఠన భాగములు: 1 దినవృత్తాంతములు 15:16–22, 1 కొరింథీయులకు 14:7–8



దావీదు మందసమును యెరూషలేమునకు తెచ్చినప్పుడు పాటకులను, వాద్యకారులను పేరుపేరున ఏర్పరచిన సంగతి మొదటి పఠన భాగములో చదువుచున్నాము. సితారాలు వాయించువారిని గూర్చి అక్కడ హెబ్రీ మూలములో ‘షెమీనీత్’ అను మాట యున్నది. ఎనిమిదవది అని దాని అర్థము. అది క్రింది స్థాయి స్వరమని పలువురు పండితులు తలంచుచున్నారు. అట్లయిన యెడల పైస్వరము పట్టువారు కొందరు, క్రిందిస్వరము పట్టువారు కొందరు ఆ ఊరేగింపులోనే యుండిరన్న మాట. కెనన్యా అనువాడు అందులో ప్రవీణుడు గనుక తక్కినవారికి నేర్పించుచుండెను. ఈ నెల పాఠము ఆ క్రింది స్వరమును గూర్చినదే. మన మందిరములలోనికి వచ్చియున్న బేస్ గిటారును, దాని స్పీకరు పెట్టెను, దానిని వాయించు విధమును గూర్చి కొంత నేర్చుకొందము.

ఇట్టి సంగతి సంఘ పత్రికలో ఎందుకని కొందరడుగవచ్చును. మేము కన్నులార చూచినదొకటి చెప్పిన తరువాత వారే తీర్పు తీర్చుదురు గాక.

తాడిపత్రికి కొంత దూరమున, పెన్న ఒడ్డున, ఒక పల్లె సంఘమున్నది. అందలివారు కొందరు శెనక్కాయ పండించువారు, కొందరు నాపరాతి బండలకు పాలిషు పట్టు కూలికి పోవువారు. వారు పిడికెడు బియ్యము, కోతపండుగ కానుక కూడబెట్టి ఒక బేస్ గిటారును, నూరు వాట్ల ఆంప్లిఫయరును, రెండు స్పీకర్లున్న ఒక పెట్టెను కొనిరి. మొదటి దినము మొదలుకొని ఆ పెట్టెలో గుండె బలము లేదు. తీగ మీటిన టక్కు శబ్దము వినబడును గాని అడుగు స్వరము రాదు. బిగ్గరగా పెట్టిన కొలది గరగర హెచ్చెను. రెండేండ్లు అట్లే గడిచెను. తుదకు సంఘపెద్దలు కూర్చుండి మూడు వందల వాట్ల మిషను కొనుటకు ఇంటింటికి చందా వేసిరి. ఆ ఏడు వాన తప్పినది. విత్తనపు కాయలకు చేసిన అప్పే తీరని ఇండ్లవి.

“అయ్యగారూ, మిషను చిన్నదైపోయింది. పెద్దది తెస్తే సరిపోతాది,” అని పెద్దలలో ఒకరు మాతో చెప్పిరి.

మేము పెట్టె వెనుక పలక విప్పించితిమి. స్పీకర్లకు పోవు తీగలను ఊడదీసి, టార్చిలైటులో వేయు ఒకటిన్నర వోల్టుల సెల్లు ఒకటి తెప్పించితిమి. సెల్లు ప్లస్ కొనను స్పీకరు ప్లస్ గుర్తుకును, మైనస్ కొనను మైనస్‌కును క్షణమాత్రము తాకించిన యెడల కాగితపు గిన్నె ముందుకు కదలవలెను. రెండు స్పీకర్లును అట్లే కదలెను గాన స్పీకర్లలో దోషము లేదు. పిమ్మట తీగలను మునుపున్నట్లే తగిలించి, పెట్టె జాకు వద్దనే సెల్లు తాకించితిమి. ఒకటి ముందుకు వచ్చెను, రెండవది వెనుకకు పోయెను! దాని రెండు తీగలు తారుమారుగా అతుకబడియుండెను. పెట్టె కట్టినవారు ఎవరో మేమడుగలేదు. మార్చి అతుకుటకు అరగంటయైనను పట్టలేదు. తరువాత అదే మిషను, అదే పెట్టె, మునుపటి సగము బిగ్గరలోనే బండలు అదురునట్లు పలికెను. చందా పట్టీ ఆ సాయంత్రమే చింపివేయబడెను. అప్పటికే ఇచ్చినవారికి తిరిగి ఇచ్చుట మాత్రము కొంత కష్టమాయెను. ఎవరెంత ఇచ్చిరో వ్రాసియుంచలేదు.

ఇది ఎట్లు జరుగుననగా, స్పీకరు గిన్నె గాలిని ముందుకు నెట్టి వెనుకకు లాగుటవలన ధ్వని పుట్టును. ఒక గిన్నె నెట్టుచుండగా ప్రక్కది లాగుచున్న యెడల ఆ గాలి దీని ముందునుండి దాని ముందునకు జారునే గాని మనుష్యుల చెవివరకు రాదు. ఒక కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి తూర్పునకు, ఒకటి పడమరకు లాగినట్లు. పై స్వరముల అలలు పొట్టివి గనుక వాటికి ఇంత నష్టము లేదు. క్రింది స్వరములే చచ్చిపోవును. పెట్టె వెనుక పలక సందులు వదలినను, మర రంధ్రములు తెరచియున్నను ఇట్టి నష్టమే కొంత కలుగును. మిషను ఎంత పెద్దదైనను ఈ తప్పును దిద్దలేదు.

ఇక రెండవ తప్పు డబ్బునే గాక మిషనునే తినివేయును. ఆ సంఘపు యౌవనస్థుడొకడు, పండుగకు ప్రక్క ఊరి సంఘమువారి పెట్టెను కూడ తెచ్చి తగిలింపవచ్చునా అని అడిగెను. మంచి ప్రశ్న. తగిలించుటకు ముందు లెక్క చూడవలెను.

స్పీకరు వెనుక 8 ఓములు అనియో 4 ఓములు అనియో వ్రాసియుండును. అది విద్యుత్తు పారుటకు స్పీకరు చూపు అడ్డు. చెరువుకు ఒక తూము తీసిన నీరు ఒక వేగమున పోవును. ప్రక్కనే అట్టిదే ఇంకొక తూము తీసిన యెడల చెరువు రెండింతలు త్వరగా తరుగును. ప్యారలెల్ అనగా ఇదే. 8 ఓముల స్పీకర్లు రెంటిని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపిన యెడల 4 ఓములగును. ఒకదాని మైనస్‌ను రెండవదాని ప్లస్‌కు కలిపి వరుసగా కట్టుట సీరీస్. అప్పుడు 16 ఓములగును.

ఆ సంఘపు మిషను 4 ఓములకు తగ్గరాదని దాని వీపుననే ముద్రింపబడియున్నది. వారి పెట్టె 4 ఓములు. ప్రక్క ఊరిదియు అట్టిదే. రెండును కలిపిన యెడల 2 ఓములు. నూరు వాట్లు ఇచ్చునప్పుడు మిషను 20 వోల్టుల చొప్పున 4 ఓములలోనికి 5 ఆంపియర్లు పంపును. 2 ఓములైన యెడల అదే 20 వోల్టులకు 10 ఆంపియర్లు లాగబడును. లోపలి ట్రాన్సిస్టర్లు దానిని ఓర్వలేవు. రెండు పాటలు బ్రహ్మాండముగా పలికి, మూడవ పాటలో పొగ వచ్చును. మన ప్రాంతపు వేసవి వేడిలో, పైన గుడ్డ కప్పియుంచిన మిషనైతే మూడవ పాటవరకును ఆగదు.

మార్గమేమనగా, రెండు పెట్టెలలోను స్పీకర్లను సీరీస్‌గా మార్చి ఒక్కొక్కటి 16 ఓములు చేసి, పిమ్మట పెట్టెలను ప్యారలెల్‌గా కలిపిన యెడల 8 ఓములగును. అప్పుడు మిషను 20 వోల్టులకు రెండున్నర ఆంపియర్లే, అనగా 50 వాట్లే ఇచ్చును. సగము పోయెనే అని దిగులు పడకుడి. వాట్లు సగమైనను చెవికి తోచు భేదము మూడు డెసిబెల్లులే, అనగా స్వల్పము. గాలిని నెట్టు గిన్నెలు రెండింటికి బదులు నాలుగైనవి గనుక ఆ కొరతయు చాలమట్టుకు తీరును. మీటరుతో కొలుచువారు ఒకటి గుర్తుంచుకొనవలెను. 8 ఓముల స్పీకరు మీటరులో సుమారు 6 చూపును. అది చెడిపోయినదని పారవేయకుడి. మిషనునుండి పెట్టెకు లావైన రెండు పోగుల రాగితీగ వేయవలెను. గిటారునుండి మిషనుకు పోవు సన్నని తీగ అందుకు పనికిరాదు, వేడెక్కి కాలును.

బేస్ గిటారును మందిరముపైనున్న కొమ్ము స్పీకరుకు తగిలించువారు కూడ ఉన్నారు. వట్టి మీటులో ఆ గిటారు నాలుగు తీగలు క్షణమునకు సుమారు 41, 55, 73, 98 సార్లు కదలును. కొమ్ము స్పీకరైతే సుమారు 300కు దిగువ స్వరములను సరిగా పలుకలేదు. బలవంతముగా పంపిన యెడల లోపలి పలుచని పొర చిట్లును, మరుసటి ఆదివారము వాక్యము చదువుటకు కూడ అది పలుకదు. కొమ్మును ప్రసంగమునకే ఉంచుడి.

పెట్టె ఎక్కడ పెట్టవలెను? మన మందిరములకు నేల నాపరాయి, గోడలు కొన్నిచోట్ల నాపరాయి, పైన రేకు. జనము వచ్చి కూర్చున్న తరువాత పై స్వరముల మారుమ్రోత కొంత తగ్గును గాని, క్రింది స్వరముల మ్రోత అంతగా తగ్గదు. అత్యంత క్రింది తీగ స్వరపు అల ఒక్కొక్కటి 27 అడుగులకు పైబడిన నిడివి గలది. మూలలో పెట్టిన పెట్టె గుమ్ గుమ్మని మాట మీద మాట పడునట్లు చేయును. మూలనుండి నాలుగైదడుగులు ఇవతలికి జరిపి, వెనుక వరుసలో ముసలివారి ప్రక్కన కూర్చుండి విని, అప్పుడు బిగ్గర నిర్ణయింపుడి. వాయించువాడు తన కాళ్లయొద్దనున్న పెట్టెను బట్టి తీర్పు తీర్చరాదు.

వాయించు విధమునకు వత్తము. 1951లో అమెరికా దేశమున లియో ఫెండర్ అనునతడు ఈ వాద్యమును అంగడికి తెచ్చెను. అంతకుముందు ఆ స్వరమునకు మనిషి ఎత్తు డబుల్ బేస్‌ను మోయవలసియుండెను. ఫెండర్ దానికి వీణవలె మెట్లు పెట్టెను గనుక స్వరము తప్పకుండ పడును. ఎడమ చేతి వ్రేలు మెట్టుకు సరిగా వెనుకనే ఒత్తవలెను. మెట్ల నడుమ ఒత్తిన యెడల తీగ జిర్రుమనును. కుడిచేతి బొటనవ్రేలు ఆనించి, చూపుడు వ్రేలును నడిమి వ్రేలును నడచు మనుష్యుని పాదములవలె మార్చి మార్చి మీటవలెను. అమెరికాలో జేమ్స్ జేమర్సన్ (1936–1983) అను గొప్ప వాద్యకారుడు ఒక్క చూపుడు వ్రేలితోనే వాయించెను గాన, ఇది చట్టమని మేమనము. వాయించని తీగలను అరచేతితోనో ఎడమ వ్రేళ్లతోనో అణచియుంచుట మాత్రము అందరికిని అవసరము. మ్రోయనిచ్చుట కంటె ఆపుటయే ఈ వాద్యములో కష్టమైన పని.

మన కీర్తనలు రాగతాళములలో కట్టబడినవి. సినిమా పాటకువలె అడుగడుగున స్వరము మార్చిన యెడల పాడువారు దారి తప్పుదురు. హార్మోనియము ఒకటిన్నర శ్రుతిలో ఉన్నదనుకొందము. లావు తీగ ప్రక్క తీగపై నాలుగవ మెట్టు షడ్జమము. అదే నాలుగవ మెట్టు లావు తీగపై క్రింది పంచమము. క్రొత్తగా నేర్చువాడు ఈ రెంటితోనే చాల కీర్తనలకు తోడు నిలువవచ్చును. ఆదితాళమున తట్టు పడుచోట షడ్జమము, పల్లవి తిరుగుచోట పంచమము, తక్కినచోట మౌనము. డోలక్ ఎడమ ప్రక్క దెబ్బతో తీగ దెబ్బ కలియవలెను. అది కలియనప్పుడు స్వరము సరియైనను పాట కుంటును. స్పష్టత లేని వాద్యమును గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటలు ఇక్కడ చదువుకొనదగును.

పై చెప్పిన యౌవనస్థుడు పగలు పాలిషు మిషను వద్ద పనిచేయువాడు. వాని వ్రేళ్లు రాతిపొడికి గట్టిపడి తీగలకు నొవ్వవు. అయితే ఆ పొడి తీగల సందులలో చేరి వాటిని మూగబోవచేయును. వాయించుటకు ముందు చేతులు కడుగుకొని, తరువాత పొడిగుడ్డతో తీగలు తుడువుమని చెప్పితిమి.

కడపట ఒకటి, ఇది ప్రాణముతో కూడిన సంగతి. గిటారు తీగలు మిషను లోహపు గూడుతో కలిసియుండును. మిషనులో విద్యుత్తు కారుచు, ఎర్తు లేనియెడల, తీగలపై చేయి ఉంచి మైకునకు పెదవి తాకించిన పిల్లవానిగుండా అది పారును. మూడు మేకుల ప్లగ్గులో లావు మేకును విరిచి రెండు రంధ్రముల బోర్డులో గుచ్చుట అనేక ఊళ్లలో చూచుచున్నాము. ఆ పని చేయువాడు ఎవడైనను, పాస్టరుగారైనను, ఆపింపుడి. ఎర్తు తీగ ఉన్నచోట కూడ మన కరవు నేలలో గుంత ఎండిపోయిన యెడల అది పనిచేయదు. తడి లేని మన్ను విద్యుత్తును సరిగా పుచ్చుకొనదు. మందిరము వెనుకనున్న ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు ఉన్నవో లేవో ఎలక్ట్రీషియనుచేత చూపించి, ఎండాకాలమున వారమునకొకసారి రెండు బిందెల నీళ్లు పోయుచుండవలెను. శనివారము మందిరము ఊడ్చువారికే ఆ పని అప్పగించిన యెడల మరువకుండ జరుగును.