కొయ్య దుకాణానికి జంట చిత్రిక యంత్రం: కొనేముందు బల్ల ఎత్తి చూడండి

పలకలను తలుపు రెక్కగా కూర్చాలంటే ముందుగా ఒక ముఖం చదును కావాలి. ఆ ముఖానికి ఒక అంచు మూలమట్టానికి నిలవాలి. ఆ తరువాతనే రెండవ ముఖాన్ని మొదటిదానికి సమాంతరంగా, కావలసిన మందానికి తీయాలి. ఈ వరుస తప్పితే పని చెడుతుంది. వంకర పలకను నేరుగా మందం తీసే యంత్రంలోకి పంపితే రోలర్లు దానిని అదిమిపట్టి కోసి వదులుతాయి. బయటికి వచ్చిన పలక సన్నబడుతుందే గాని దాని వంకర పోదు.

ఈ రెండు పనులకు రెండు యంత్రాలు కొనగల దుకాణాలు గ్రామాలలో అరుదు. అందుచేతనే ఒకే కట్టర్ బ్లాకు మీద పైన చదును, క్రింద మందం పట్టే జంట యంత్రానికి గిరాకీ. పైన పలకను కత్తుల తిరుగుడుకు ఎదురుగా చేతితో తోస్తాము. అదే బ్లాకు అడుగు భాగంలో కత్తుల నడక తిరగబడుతుంది కాబట్టి, క్రింద పలకను రెండవ కొసనుండి లోపలికి ఇవ్వాలి. పైన చదునై బయటికి వచ్చిన పలక, మందానికి లోపలికి వెళ్ళే కొస దగ్గరకే చేరుతుంది. చిన్న దుకాణంలో ఇది ఎంతో సౌకర్యం.

ఇక ఆ బ్లాకు సంగతి. కత్తుల కొన గీసే వృత్తం 75 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 5000 చుట్లు అనుకుంటే, కత్తి అంచు సెకనుకు సుమారు 20 మీటర్ల చొప్పున పరుగెడుతుంది. పూర్వం ఈ బ్లాకు నలుచదరంగా ఉండేది. దాని మూలలు తిరగడానికి రెండు బల్లల నడుమ పెద్ద సందు విడువవలసి వచ్చేది. పలక జారితే ఆ సందులో పడిన వేలు కణుపులతో సహా పోయేది. గుండ్రని బ్లాకుతో ఆ సందు ఇరుకైనది. వేలు తగిలినా గాయం లోతుకు హద్దు ఏర్పడింది. బ్రిటన్‌లో 1922 నాటి కలప యంత్రాల నిబంధనలు, చేతితో తోసే చిత్రిక యంత్రాలకు గుండ్రని బ్లాకునే విధించాయి. మన దేశంలో 1948 కర్మాగారాల చట్టం క్రింద వచ్చిన నియమాలలోనూ ఈ షరతు చేరింది. కాని పదిమంది కంటే తక్కువ పనివారున్న దుకాణాలకు ఆ చట్టం సాధారణంగా వర్తించలేదు. కాబట్టి పాత యంత్రాల అంగడిలో నలుచదరపు బ్లాకు మీకు ఎదురైతే, ధర ఎంత తక్కువైనా ముట్టుకోకండి.

అయితే గుండ్రని బ్లాకు ఒక్కటే రక్షణ కాదు. దానిమీద గార్డు ఉండాలి. ఇక్కడనే యంత్రం నిర్మాణం మనిషి అలవాటును శాసిస్తుంది. పాత పద్ధతి జంట యంత్రంలో పైపని నుండి క్రిందిపనికి మారాలంటే పక్క గైడు విప్పాలి, గార్డు తీయాలి, బల్లలను ఒక్కొక్కటిగా ఎత్తాలి, పొట్టు పోయే మూత తిప్పిపెట్టాలి. తిరిగి పైపనికి వచ్చినప్పుడు ఇదంతా వెనుకకు చేయాలి. ఒక్కొక్క మార్పిడికి పావుగంట, రోజుకు నాలుగు మార్పిడులు అనుకోండి, పనిగంట ఒకటి పోయినట్టే. తొందరలో ఉన్న పనివాడు మొదట మానివేసేది గార్డు బిగించడమే. వారం తిరిగేసరికి ఆ గార్డు గోడకు వ్రేలాడుతూ ఉంటుంది. కొత్త నమూనాలలో రెండు బల్లలూ ఒక పిడితో కలిసి పైకి లేస్తాయి, గైడును విప్పే పని తగ్గుతుంది, గార్డు బల్లతోనే కదులుతుంది. దీనిని సోమరితనానికి వసతి అనుకోకండి. గార్డు దాని స్థానంలో నిలిచేది ఇందువల్లనే.

ఈ మేలులో ఒక చిక్కు ఉన్నది. లేచి దిగే బల్ల ప్రతిసారీ అదే మట్టానికి కూర్చోవాలి. డీలరు దగ్గర పొడవైన ఉక్కు బద్ద తీసుకొని రెండు బల్లల మీద పెట్టి వెలుతురుకు చూడండి. బల్లలను ఎత్తి, దింపి, గొళ్ళెం వేసి మళ్ళీ చూడండి. మూడుసార్లు చేయండి. తరువాత మూడడుగుల పలకలు రెండింటి అంచులు చిత్రిక పట్టించి ఒకదానిపై ఒకటి నిలబెట్టండి. నడుమనో కొసలలోనో వెలుతురు కనబడితే బల్లలు ఒక మట్టంలో లేవని అర్థం. పలక తోక దగ్గర రెండంగుళాలు లోతుగా తింటే, అవతలి బల్ల కత్తుల కంటే దిగువన ఉన్నది. ఈ రెండవ లోపం సవరించుకోవచ్చు. మొదటిది దుకాణంలో తీరేది కాదు. నిజమైన డీలరు ఈ పరీక్షకు అభ్యంతరం చెప్పడు.

కత్తుల విషయంలో లెక్క సులువు. నిమిషానికి 6 మీటర్లు పలక నడుస్తూ, రెండు కత్తులు 5000 చుట్లు తిరిగితే ఒక్కొక్క గాటు 0.6 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. మూడు కత్తులైతే 0.4 మాత్రమే. సాయంత్రం వోల్టేజి పడిపోయి చుట్లు 4000కు దిగితే రెండు కత్తుల గాట్లు 0.75కు పెరుగుతాయి, గరుకు కాగితం ఖర్చు కూడా పెరుగుతుంది. నాలుగు అంచుల చిన్న కార్బైడు బిళ్ళలను మెలిక వరుసలో బిగించిన కొత్త బ్లాకులలో చప్పుడు తక్కువ, నార ఎదురైనచోట పెచ్చులు లేవడం తక్కువ. పాత కొయ్యలో మేకు తగిలినా దెబ్బతిన్న బిళ్ళలను మాత్రం తిప్పుకుంటే చాలు. టేకులోని ఇసుక గుణానికి మామూలు కత్తి త్వరగా మొండి అవుతుంది గనుక టేకు పనివారికి ఇవి నచ్చుతాయి. ఖరీదు మాత్రం ఎక్కువ. డబ్బు పరిమితమైనప్పుడు మంచి బల్లలు, మూడు మామూలు కత్తులే మేలని మా అభిప్రాయం.

కరెంటు గురించి ఒక మాట. బోరు మోటారుకు ఆటో స్టార్టరు పెట్టే అలవాటు మన రైతులకు ఉన్నది. ఆ అలవాటును ఈ యంత్రం దగ్గరకు తేకండి. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు కత్తులు తమంతట తాము తిరగకూడదు. నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరు తప్పనిసరి. స్విచ్చి ఆపిన పది సెకనులలో బ్లాకు నిలిచే బ్రేకు ఉంటే మరీ మంచిది.

రుణానికి వచ్చేవారు కొటేషనులో కేవలం "ప్లానింగ్ మిషన్ ఒకటి" అని వ్రాయించకండి. బ్లాకు ఆకారం, కత్తుల సంఖ్య, మోటారు హార్స్ పవరు, ఫేజు, గార్డు, స్టార్టరు రకం, బల్లలు లేచే పద్ధతి విడివిడిగా వ్రాయించండి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని పదునెనిమిది వృత్తులలో వడ్రంగం ఒకటి. ఆ పథకం ప్రకారం తనఖా లేకుండా మొదటి విడత లక్ష రూపాయల వరకు 18 నెలలకు, దానిని సక్రమంగా తీర్చినవారికి రెండవ విడత రెండు లక్షల వరకు 30 నెలలకు, 5 శాతం వడ్డీపై రుణం లభిస్తుంది. రెండవ విడత వరకు ఆగగలిగితే ఆగండి. మొదటి విడతలోనే చవక యంత్రం కొని, గార్డు లేక పనివాని వేళ్ళు పోయి, యంత్రం మూలన పడితే వాయిదా మాత్రం ఆగదు. యంత్రం దిగిన రోజున కొటేషను చేతబట్టుకొని ఒక్కొక్క అంశం సరిచూసిన తరువాతనే డెలివరీ రసీదు మీద సంతకం పెట్టండి.