ప్రయోగ విన్యాస వెబ్ అనువర్తనాలలో భాగాల పొందిక, నిర్వహణ

క్షేత్ర ప్రయోగంలో ఏ రకం ఏ మడిలో పడాలో యాదృచ్ఛికంగా నిర్ణయించడానికీ, కోత అనంతరం దిగుబడి వివరాలను విశ్లేషించడానికీ ఆర్ భాషలో షైనీ ప్యాకేజీతో నిర్మించిన వెబ్ అనువర్తనాలు ఎంతో అనువైనవి. ఆర్ సంచిక, దానిపై ఆధారపడిన ప్యాకేజీలు, సర్వర్‌లోని సిస్టం లైబ్రరీలు పరస్పరం పొసగినప్పుడే ఇవి సక్రమంగా పనిచేస్తాయి. పొందిక చెడి అనువర్తనం ఆగిపోతే నష్టం స్వల్పమే. ఆగకుండా వేరే సమాధానం ఇవ్వడమే అసలు ప్రమాదం.

2019 ఏప్రిల్‌లో విడుదలైన ఆర్ 3.6.0 ఇందుకు నిదర్శనం. అంతవరకు శాంపిల్ ఫంక్షన్ రౌండింగ్ పద్ధతిని అనుసరించేది. సమూహం చాలా పెద్దదైనప్పుడు ఆ పద్ధతిలో అన్నింటికీ సమాన అవకాశం లభించదు గనుక రిజెక్షన్ పద్ధతిని ప్రవేశపెట్టారు. సవరణ సరైనదే. కానీ ఒకే సీడ్ సంఖ్యకు (ఇక్కడ సీడ్ అనగా విత్తనం కాదు, యాదృచ్ఛిక శ్రేణికి ఆరంభ సంఖ్య) రెండు సంచికలలో వేర్వేరు వరుసలు వస్తాయి. పది రకాలకు సీడ్ 123 ఇచ్చినచో పాత సంచికలో 3, 8, 4, 7, 6, 1, 10, 9, 2, 5 అనే క్రమం, కొత్త సంచికలో 3, 10, 2, 8, 6, 9, 1, 7, 5, 4 అనే క్రమం వస్తాయి. ఒకటవ, ఐదవ మడులు మాత్రమే కలుస్తాయి.

సీడ్ సంఖ్యను మాత్రమే దాచి, కోత నాటికి ప్రయోగ పటాన్ని మరల ముద్రించే అనువర్తనంలో, నడుమ ఆర్ సంచిక మారినట్లయితే ఎనిమిది మడుల దిగుబడి వేరే రకాల ఖాతాలో పడుతుంది. దోష సందేశమేదీ రాదు. మొదటి మడిని మాత్రమే సరిచూసుకున్న పరిశోధకునికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

కావున విత్తిన నాటి పటాన్నే ఫైలుగా భద్రపరచి, దానితోపాటు సీడ్, ఆర్ సంచిక, శాంపిల్ పద్ధతి పేరు నమోదు చేయాలి. పాత పటాన్ని పునరుద్ధరించడానికి రౌండింగ్ పద్ధతిని ఇప్పటికీ ఎంచుకోవచ్చు. ఆర్ హెచ్చరిక చూపుతుంది. కొత్త ప్రయోగాలకు దానిని వాడరాదు.

2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ 4.0.0 మరొక మార్పు తెచ్చింది. సీఎస్‌వీ ఫైలులోని అక్షర నిలువు వరుసలను అది తనంతట తాను ఫ్యాక్టర్లుగా మార్చదు. లెవెల్స్ ఫంక్షన్‌తో రకాల జాబితాను నింపే అనువర్తనంలో ఆ జాబితా ఖాళీ అవుతుంది. ఇది కంటికి కనిపించే లోపం గనుక నయమే. రకం, ఖండం అనే వరుసలను కోడ్‌లోనే ఫ్యాక్టర్లుగా ప్రకటిస్తే సరిపోతుంది.

ప్యాకేజీల సంచికలను రెన్వ్ ప్యాకేజీ ఒక లాక్ ఫైలులో నమోదు చేస్తుంది. వేరొక యంత్రంపై అవే సంచికలను తిరిగి స్థాపిస్తుంది. అయితే అది ఆర్‌ను గానీ సిస్టం లైబ్రరీలను గానీ స్థాపించదు. పొలం సరిహద్దుల పటాలకు వాడే ఎస్‌ఎఫ్ ప్యాకేజీకి జీడాల్, జియోస్, ప్రోజ్ లైబ్రరీలు అవసరం. అందుచేత లాక్ ఫైలుతోపాటు, ఆర్ సంచికను స్థిరపరచిన డాకర్ ప్రతిబింబాన్ని కూడా ఉంచుకోవడం మేలు.

సంచిక మార్చదలచినప్పుడు ముందుగా వేరొక ప్రతిపై, ఇదివరకే ఫలితం తెలిసిన ఒక ప్రయోగాన్ని నడిపి, ప్రతి మడినీ, అనోవా పట్టికలోని ప్రతి అంకెనూ పాతవాటితో సరిపోల్చాలి. ఖరీఫ్ లెక్కలు ముగిసి, రబీ పటాలు ఇంకా ముద్రించని కొద్ది రోజుల వ్యవధి ఈ పనికి అనువైనది.