లాసిక్, పీఆర్‌కే, స్మైల్: తేడా ఎక్కడ?

చూపును సరిచేసే ఈ మూడు లేజర్ కంటి శస్త్రచికిత్సల్లోనూ సరిచేసేది కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) వంపునే. పీఆర్‌కేలో పైపొర తొలగించి ఎక్సైమర్ లేజర్‌తో చెక్కుతారు. కోలుకోవడం నెమ్మది, నొప్పి ఎక్కువ. అయినా ఫ్లాప్ (కార్నియాపై మూతలా కోసే పలుచని పొర) ఉండదు కాబట్టి కార్నియా పలచగా ఉన్నవారికి తరచూ ఇదే మేలు. లాసిక్‌లో ఫ్లాప్ కోసి, పైకెత్తి, చెక్కాక తిరిగి పరుస్తారు. చూపు త్వరగా తేటపడుతుంది. స్మైల్‌లో ఫెమ్టోసెకండ్ లేజర్ ఒక్కటే. లోపల మలిచిన లెంటిక్యూల్ అనే సన్నని కణజాల బిళ్లను చిన్న కోత గుండా బయటికి తీస్తారు.

ఎక్సైమర్ లేజర్ విషయంలో తప్పక గుర్తుంచుకోవాల్సిన పేరు రంగస్వామి శ్రీనివాసన్. మద్రాసులో పుట్టిన ఈ శాస్త్రవేత్త, ఐబీఎంలో జేమ్స్ వైన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి 1981లో గొప్ప విషయం కనుగొన్నారు: 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ చుట్టుపక్కల భాగాన్ని కాల్చకుండా కణజాలాన్ని తొలగించగలదు. ఇక ఫెమ్టోసెకండ్ లేజర్లకు ఆధారమైన చర్ప్‌డ్ పల్స్ యాంప్లిఫికేషన్ అనే పద్ధతికి గెరార్డ్ మూరూ, డొనా స్ట్రిక్లాండ్ 2018 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగభాగం పంచుకున్నారు.