తుప్పును మాన్పు పూతలు – గ్రాఫీను నేర్పు పాఠము

రైతునకు పైరెంత ధనమో పనిముట్టును అంత ధనమే. నాగటి కఱ్ఱు మొదలు రోటవేటరు కత్తుల వఱకు మనము కొనునది చాలవఱకు ఇనుమే. దానిని పొలమున అరుగుదలయే గాక, కొట్టమున తుప్పును తినుచుండును. ఇటీవల గ్రాఫీను కలిపిన పూతలు అంగళ్లలోనికి వచ్చుచున్నవి. వాని గుణదోషముల నెఱిగిన పిమ్మటనే సభ్యులు సొమ్ము వెచ్చించుట మేలు.

ఇనుము గాలిలోని ప్రాణవాయువుతోను నీటితోను కూడి మారిన రూపమే తుప్పు. ఈ రెంటిలో ఏ యొక్కటి తగులకున్నను తుప్పు పట్టదు. నీటిలో ఉప్పు కలిసినచో తుప్పు త్వరపడును. కావుననే సముద్రతీర గ్రామములందును, ఎరువు అంటిన యంత్రములందును నష్టమెక్కువ. తుప్పు పొడిగా రాలిపోవుటచే లోపలి ఇనుము మరల బయటపడి, అదియు చెడును.

ఇక గ్రాఫీను సంగతి. పెన్సిలులోని నల్లని గ్రాఫైటు పొరలు పొరలుగా పేర్చినట్లుండు కర్బనము. అందలి ఒక్క పొరయే గ్రాఫీను. దాని మందము ఒక్క పరమాణువు మాత్రమే. 2004లో ఇంగ్లండు దేశపు మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆండ్రీ గైము, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవు అను శాస్త్రజ్ఞులు దీనిని వేఱుచేసి చూపిరి. 2010లో వారికి భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. లోపము లేని గ్రాఫీను పొరగుండ వాయువులు చొరజాలవు. 2011లో ప్రకటింపబడిన పరీక్షలో, గ్రాఫీను పొరగల రాగిని గాలిలో 200 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమియందు 4 గంటలుంచినను దాని ఉపరితలము చెడలేదు.

అయితే 2013లో అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు దీర్ఘకాలము పరీక్షించి వేఱొక సంగతి కనుగొనిరి. కాలము గడచినకొలది, పొరగల రాగి వట్టి రాగికంటెను ఎక్కువగా చెడెను. పొరయందలి సన్నని పగుళ్లగుండ తేమయు ప్రాణవాయువును లోనికి చేరెను. గ్రాఫీను విద్యుత్తును ప్రసరింపజేయు పదార్థము. తాను చెడక, తన్నంటియున్న లోహమును త్వరగా చెడజేయును.

ఈ ధర్మము మనకు క్రొత్త కాదు. తగరపు పూతగల డబ్బాకు గీత పడినచో, ఆ గీతవద్ద ఇనుము త్వరగా తుప్పు పట్టును. జింకు రేకునకు గీత పడినచో, జింకు తాను ముందుగా కరగి ఇనుమును కాపాడును. దీనిని ఇంటియొద్దనే చూడవచ్చును. మూడు గ్లాసులలో ఉప్పునీరు పోసి ఒక్కొక్క ఇనుప మేకును వేయుడు. మొదటి మేకును ఊరక విడువుడు. రెండవదానికి రాగి తీగను, మూడవదానికి జింకు పూతగల తీగను గట్టిగా చుట్టుడు. కొన్ని దినములలోనే రాగి చుట్టిన మేకు మిక్కిలి తుప్పు పట్టుటయు, జింకు చుట్టినది నిలుచుటయు కానవచ్చును.

మరి గ్రాఫీను నిరుపయోగమా? కాదు. విద్యుత్తు ప్రసరింపని రంగులో సన్నని గ్రాఫీను రేకులను తగు పాళ్లలో కలిపినచో, అవి తేమదారిని చుట్టుత్రిప్పి ఆలస్యము చేయును. పాలు మితిమీరి రేకులు ఒకదానినొకటి తాకినచో, విద్యుత్తునకు దారి యేర్పడి కీడు కలుగవచ్చును. కావున గ్రాఫీను అను పేరు చూచి మాత్రమే కొనరాదు. ఆ రంగు ఇనుమునకు తగినదా, గీత పడినచో ఏమగును, ఉప్పునీటి పరీక్షలో ఎంతకాలము నిలిచినది అను మూడు ప్రశ్నలను అమ్మువానిని అడుగవలెను. సరియైన జవాబు రానిచో కొనకుండుటయే మంచిది.

ఏ పూతయైనను తుప్పుమీద నిలువదు. తుప్పును గీకి, కడిగి, ఎండబెట్టి, ముందు రెడ్ ఆక్సైడును, అది ఆరిన పిదప పైరంగును వేయవలెను. రంగు నిలువని కఱ్ఱునకును, కొడవలి అంచునకును నూనెగాని గ్రీసుగాని పూయవలెను. ఎరువు చల్లిన యంత్రమును ఆ దినముననే మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను.

క్రొత్త రంగును సంఘము ద్వారా కొనదలచినచో, ముందొక చిన్న డబ్బా తెప్పించి, ఒక పనిముట్టునకు సగము ఆ రంగును, సగము వాడుకలోని రంగును పూసి, ఒక వర్షకాలము గడచినంతవఱకు చూచుట యుక్తము. ఆ ఫలితమును సభ్యులందఱును కన్నులార చూచిన పిమ్మటనే పెద్ద కొనుగోలునకు పూనుకొనవలెను.