పరప్రాణి అవయవము - మానవదేహము

మూత్రపిండములు చెడిన రోగి వారమునకు రెండు మూడు పర్యాయములు రక్తశుద్ధి యంత్రమునకు కట్టుబడి జీవింపవలసియున్నది. దాత దొరకక నిరీక్షించుచునే కన్నుమూయువారు అనేకులు. ఈ కొరతయే వైద్యుల దృష్టిని జంతువుల వైపు మరల్చినది.

1984లో అమెరికాలోని లోమా లిండాలో ఒక పసికందునకు బబూన్ కోతి గుండెను అమర్చిరి. శిశువు 21 దినములు మాత్రమే జీవించెను. మానవునకు సమీపజాతియగు కోతిని విడచి నేటి శాస్త్రజ్ఞులు పందిని ఎన్నుకొనుట వింతగా తోచవచ్చును. పంది అవయవములు పరిమాణమున మనుష్యునకు సరిపోవును. అది శీఘ్రముగా పెరుగును, ఒక్క ఈతలోనే పెక్కు పిల్లలను పెట్టును.

అసలు చిక్కు శస్త్రచికిత్సలో లేదు. పంది కణములపై నుండు ఒకానొక చక్కెరను మానవ రక్తము శత్రువుగా గుర్తించును. అమర్చిన అవయవము గంటలలోనే, ఒక్కొక్కప్పుడు నిమిషములలోనే, రక్తము గడ్డకట్టి నశించును. ఆ చక్కెరను తయారుచేయు జన్యువులను తొలగించుటయే ఈ విద్యకు మూలము. 2022 జనవరిలో బాల్టిమోరులో ఒక రోగికి అమర్చిన గుండెకై పందిలో 4 జన్యువులను అణచి, 6 మానవ జన్యువులను చేర్చిరి. అణచినవానిలో ఒకటి ఎదుగుదలకు సంబంధించినది. మనుష్యుని రొమ్ములో ఆ గుండె అతిగా పెరుగునేమోయని భయము! రోగి రెండు మాసములు జీవించెను. పందులకు సోకు వైరస్ ఒకటి ఆ గుండెతో వచ్చినదని పిదప తెలిసినది. అట్టి వ్యాధి రోగితో ఆగక ఇంటివారికిని పాకవచ్చును గనుక, ఈ చికిత్స పొందినవారిని చిరకాలము పరీక్షించుచుండవలెను.

2025 జనవరిలో బోస్టనులో అమర్చిన పంది మూత్రపిండము 271 దినములు పనిచేసినది. తరువాత దానిని తొలగింపవలసి వచ్చినది. అదే సంవత్సరము అమెరికా ప్రభుత్వము క్రమబద్ధమైన ప్రయోగములకు అనుమతి నొసగినది.

దయను ధర్మమూలముగా నెంచు గృహములలో ఇచట ఒక ప్రశ్న లేవకమానదు. ఆ పంది సూక్ష్మజీవులు సోకని కొట్టములో, బురద యెరుగక, కోతకొరకే పెరుగును. పసిబిడ్డలున్న రోగి దానిని స్వీకరించినచో నిందించుట తగదు. అయితే వీరశైవులు దేహమును భూమికి అప్పగింతురు. మెదడు మరణించినవాని యందు ఇంకను పనిచేయుచున్న మూత్రపిండములు రెండును దానితోడనే మట్టిలో కలియుచున్నవి. 1994 నాటి చట్టము కుటుంబము సమ్మతించినచో వానిని దానము చేయుటకు వీలు కల్పించినది. తెలుగునాట జీవన్‌దాన్ పథకము 2013 నుండి నడచుచున్నది. ఆ సమ్మతిని అడుగు ఘడియ ఆసుపత్రి వరండాలో, దుఃఖము పొంగుచున్న వేళ వచ్చును. అంతకుముందు ఇంటిలో ఆ మాటయే అనుకొననివారు తరచుగా తల అడ్డముగా ఊపుదురు.