విలువిద్య అప్పుడు కష్టమా, ఇప్పుడు కష్టమా?

(ఆటల పాఠం – 9వ తరగతి)

ఈసారి గోడ పత్రికలో విలువిద్య గురించి రాస్తున్నాను. మన కోయ ఇండ్లల్లో విల్లు అంటే తెలియనోళ్లు ఉండరు. కానీ టీవీలో పోటీలప్పుడు చూపించే విల్లు వేరే తీరుగా ఉంటది. దానికి చక్రాలు, కడ్డీలు, అద్దం ఉంటాయి. అది చూసి కొందరు "అసువంటి విల్లుంటే ఎవరైనా కొడతరు" అంటరు. ఇంకొందరు "మన వెదురు విల్లు ఇప్పుడు దేనికీ పనికిరాదు" అంటరు. ఈ రెండు మాటల్లో ఎంత నిజం ఉందో లెక్క చేసి చూద్దాం.

1. వెదురు విల్లు

వెదురు బద్దను వంచి నారి కడితే విల్లు అయితది. నారిని ఎంత వెనుకకు లాగితే అంత బరువు పెరుగుతది. పూర్తిగా లాగినప్పుడు బరువు అన్నిటికన్న ఎక్కువ. గురి చూడాల్సింది కూడా అప్పుడే. అందుకే చెయ్యి వణుకుతది. మా తాత లాగుడు, వదులుడు ఒక్క దమ్ములోనే చేస్తడు. బాణాలు కూడా అన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఒకటి సన్నం, ఒకటి లావు. వానకాలం చెమ్మకు వాటి బరువు మారుతది.

అయితే అడవిలో చెట్ల నడుమ చాలా దూరం కనబడదు. చప్పుడు కాకుండా దగ్గరికి పోవుడే అక్కడ అసలు విద్య. దూరం నుండి కొట్టే అవసరం తక్కువ.

1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట బంద్ అయింది. అదే 1972లో జర్మనీలోని మ్యూనిక్ ఒలింపిక్స్‌లో విలువిద్యను మళ్లీ పెట్టిండ్రు. అంతకుముందు 1920లో ఆడిన తర్వాత 52 ఏండ్లు ఒలింపిక్స్‌లో ఆ ఆట లేదు. ఇక్కడ వేటకు విల్లు ఆపిన సంవత్సరమే అక్కడ ఆటకు విల్లు పట్టిండ్రు.

2. విల్లు ఎట్లా మారింది?

ఇప్పుడు పెద్ద పోటీల్లో రెండు రకాల విల్లులు ఉన్నాయి.

మొదటిది రికర్వ్. దీని కొసలు ముందుకు వంగి ఉంటాయి. కట్టె, ఫైబర్ గ్లాస్, కార్బన్ పొరలతో చేస్తరు. గురి కోసం సైట్ ఉంటది. ఊగకుండా పొడుగు కడ్డీలు ఉంటాయి. కానీ పూర్తిగా లాగినప్పుడు బరువు మొత్తం చేతి మీదనే ఉంటది. ఈ ఒక్క విషయంలో ఇది మన వెదురు విల్లుకు చెల్లెలే. 1972 నుండి 2024 వరకు ఒలింపిక్స్‌లో రికర్వ్ పోటీలే జరిగినాయి.

రెండోది కాంపౌండ్. దీన్ని అమెరికాలో హోలిస్ అలెన్ అనే ఆయన తయారు చేసిండు. 1969లో పేటెంటు వచ్చింది. కొసలకు చక్రాలు ఉంటాయి. బాయి గిరకకు ఇరుసు సరిగ్గా నడుమ ఉంటది కదా, ఈ చక్రాలకు మాత్రం ఇరుసు ఒక పక్కకు ఉంటది. అందుకని లాగేటప్పుడు మొదట బరువు పెరిగి, చివరకు తగ్గుతది. 20 కిలోల బరువుతో లాగితే చివర్లో చేతి మీద ఉండేది 4, 5 కిలోలే. చెయ్యి వణకకుండా గురి చూడొచ్చు. దూరంది పెద్దగా కనబడే అద్దం కూడా పెట్టుకోవచ్చు.

3. మార్కులు ఏం చెప్తున్నాయి?

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కొరియాకు చెందిన 17 ఏండ్ల సియో హ్యాంగ్ సూన్ గెలిచింది. అప్పుడు ఒక్కొక్కరు 288 బాణాలు వెయ్యాలె. ఆమెకు 2,880కి 2,568 వచ్చినాయి. 2,568ని 288తో భాగిస్తే ఒక్క బాణానికి సగటు 8.9.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొరియా అమ్మాయి లిమ్ సిహ్యోన్ మొదటి రౌండ్‌లో 72 బాణాలకు 720కి 694 కొట్టింది. సగటు 9.6. అది ప్రపంచ రికార్డు. 1984లో ఆడవాళ్లకు 70, 60, 50, 30 మీటర్లు ఉండె. దగ్గరి దూరాలకు చిన్న అట్ట పెట్టేటోళ్లు. ఇప్పుడు అన్ని బాణాలూ 70 మీటర్ల నుండే. కాబట్టి రెండూ సరిసమానంగా పోల్చలేం. అయినా గురి పెరిగింది అని తెలుస్తది.

కాంపౌండ్‌లో మార్కులు ఇంకా ఎక్కువ. విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ 2023లో టర్కీలోని అంటాల్యాలో 720కి 713 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును సమానం చేసింది. పోయినవి 7 మార్కులే. అంటే 72 బాణాల్లో కనీసం 65 బాణాలు పదిలో పడ్డట్టు.

ఆ పది ఎంత ఉంటదో చూడండి. రికర్వ్ అట్ట మీద పది మార్కుల గుండ్రం వెడల్పు 12.2 సెం.మీ. దాన్ని 70 మీటర్ల నుండి కొట్టాలె. మన కంటికి 70 సెం.మీ. దూరంలో కాగితం పట్టుకొని, దాని మీద 1.2 మి.మీ. చుక్క పెడితే ఎంత కనబడతదో అంతే. పెన్సిల్ మొన చుక్క అన్నట్టు. కాంపౌండ్‌కు దూరం 50 మీటర్లే, కానీ గుండ్రం 8 సెం.మీ. అదే లెక్క చేస్తే 1.1 మి.మీ. వస్తది. విల్లు మంచిదైతే గుండ్రం చిన్నది చేసిండ్రు.

4. నియమాలు ఎట్లా మారినాయి?

1984లో 288 బాణాలు కాబట్టి ఒక బాణం తప్పిపోతే తర్వాత సరిచేసుకోవచ్చు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నుండి ఇద్దరిద్దరికి పోటీ పెట్టిండ్రు. ఓడితే ఇంటికే. 2012 లండన్ ఒలింపిక్స్ నుండి ఒక్కొక్కరి పోటీల్లో సెట్లు వచ్చినాయి. సెట్‌కు 3 బాణాలు. సెట్ గెలిస్తే 2 పాయింట్లు, సమానమైతే ఒక్కొక్కటి. ముందు 6 పాయింట్లు తెచ్చుకున్నోళ్లు గెలిచినట్టు. 5-5 అయితే చెరొక్క బాణం.

పారిస్‌లో విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్‌కు ఇదే జరిగింది. కెనడా ఆటగాడు ఎరిక్ పీటర్స్‌తో 5-5 అయింది. ఇద్దరూ 10 కొట్టిండ్రు. ఎరిక్ బాణం నడిమికి దగ్గరగా పడింది కాబట్టి ఆయన గెలిచిండు. పది కొట్టి కూడా ఓడుడు అంటే ఎంత కష్టమో ఆలోచించండి!

ఇది ఒక్క విలువిద్యలోనే కాదు. పట్నంలో పెద్ద మాల్‌లల్లో పది పిన్నుల బౌలింగ్ ఆడతరు. దాంట్లో ఎక్కువలో ఎక్కువ 300 మార్కులు. పాత కాలంలో బంతి గట్టి కట్టెది ఉండె. 1990ల నుండి రెజిన్ బంతులు వచ్చి నేలను పట్టుకొని బాగా తిరుగుతున్నాయి, మార్కులు పెరిగినాయి. అందుకని పెద్ద పోటీల్లో నేల మీద నూనె పూసే తీరు మార్చి ఆటను కష్టం చేస్తరు. సామాను సులువైతే నియమం గట్టిగైతది.

5. మన సంగతి

ఇంకొక కష్టం కొత్తగా వచ్చింది. అది పైసల కష్టం. వెదురు విల్లు ఇంట్లో చేసుకోవచ్చు. పోటీకి పనికొచ్చే రికర్వ్, కాంపౌండ్ విల్లు సామాను లక్ష రూపాయలు దాటుతది. కూలికి పోయే ఇంట్లో అది అయ్యే పని కాదు.

కానీ దారి లేకుండా లేదు. మన దేశంలో జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఉంది. దాంట్లో వెదురు, కట్టె విల్లుతోనే ఆడాలె. పెద్దోళ్లకు దూరం 50, 30 మీటర్లు. రాజస్థాన్ ఆదివాసి లింబారామ్ ఊర్లో కట్టె విల్లుతో మొదలుపెట్టి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌కు పోయిండు. 2012లో పద్మశ్రీ వచ్చింది. మన భూపాలపల్లి పక్క జిల్లా పెద్దపల్లికి చెందిన తానిపర్తి చికిత 2025లో కెనడాలో 21 ఏండ్లలోపు కాంపౌండ్ ప్రపంచ పోటీలో బంగారు పతకం గెలిచింది. 2028 ఒలింపిక్స్‌లో కాంపౌండ్ జంట పోటీ కూడా ఉంటది.

బయటోళ్లు "మీరు ఆదివాసులు, మీకు పుట్టుకతోనే విల్లు వస్తది" అంటరు. అది నిజం కాదు. వేట ఆగి 50 ఏండ్లు దాటింది. విల్లు పట్టని కోయ పిల్లలు చాలామంది ఉన్నారు, నేను కూడా ఒకదాన్నే. తాతలకు కూడా పుట్టుకతో రాలేదు, చిన్నప్పటి నుండి రోజూ వేసి నేర్చుకున్నరు. కొరియా అమ్మాయిలు కూడా అట్లనే నేర్చుకున్నరు.

కాబట్టి నా జవాబు ఇది: విల్లు పట్టుడు అప్పుడు కష్టం, గెలుచుడు ఇప్పుడు కష్టం. వెదురు విల్లుతో చేతికి, ఊపిరికి అలవాటు అయితది. అది మొదటి తరగతి అనుకోవాలె. మన బడి మైదానంలో 30 మీటర్ల జాగా ఉంది. గడ్డి మోపు, అట్ట ముక్క ఉంటే గురి బల్ల అయితది. పెద్దమ్మాయిలం అందరం కలిసి ఆటల మేడంను ఇండియన్ రౌండ్ నేర్పించమని అడుగుదాం. ఎవరూ ఎదురుగా నిలబడకుండా, మేడం ముందటనే వెయ్యాలె.

లెక్క చేయండి:
1. 72 బాణాలకు 684 మార్కులు వస్తే ఒక్క బాణానికి సగటు ఎంత?
2. లిమ్ సిహ్యోన్‌కు 720లో ఎన్ని మార్కులు పోయినాయి?
3. మీ ఊర్లో విల్లు చేసే పెద్దమనిషి ఎవరు? ఏ వెదురు, ఏ నారి వాడుతరో సెలవులకు పోయినప్పుడు అడిగి రాసుకొని రండి.

(జవాబులు: 1. 9.5   2. 26   3. మీరే చెప్పాలె.)