ప్యాసివ్ వాయిస్‌కు లొంగని క్రియలు

తిరుపతిలో చదువు ముగించి మొదటి ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు, "ఐ యామ్ బిలాంగ్డ్ టు చిత్తూరు" అన్నాను. అడిగిన పెద్దాయన నవ్వేశాడు. ఉద్యోగం రాలేదు. తప్పెక్కడో తర్వాత మా చిత్తూరు బెల్లం మండీలో తెలిసింది.

మండీలో మనిషి బెల్లాన్ని తూస్తాడు, బెల్లం తూగుతుంది. మనకు రెండు క్రియలు. ఇంగ్లీషులో రెండింటికీ 'వెయ్' ఒక్కటే. తూచడం ఒకరు చేసే పని. అందుచేత 'ది జాగరీ వాజ్ వెయిడ్' ఒప్పు. తూగడం స్థితి; 'ఫిఫ్టీ కిలోస్ ఆర్ వెయిడ్ బై ది జాగరీ' తప్పు.

హేవ్, రిసెంబుల్, లాక్, కాస్ట్ కూడా సాధారణంగా ఇంతే. వెనక నామవాచకం ఉన్నా కర్మణి ప్రయోగానికి రావు. స్థితి చెప్పేవన్నీ అంతే అనుకోవద్దు సుమా! నో, లవ్ చక్కగా వస్తాయి.

హాపెన్, అరైవ్‌లకు కర్మే లేదు. కనుక 'యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్' అనరాదు. లాఫ్‌కూ కర్మ లేదు గాని, 'ఎట్' చేరితే కర్మణి కుదురుతుంది. బిలాంగ్‌కు 'టు' చేరినా కుదరదు. అది ఒకరిపై జరిగే పని కాదు.

మిత్రులారా, ఆ రోజు నాకు జరిగినది 'ఐ వాజ్ లాఫ్డ్ ఎట్'. ఈ వాక్యంలో మాత్రం తప్పు లేదు!